వణుకు ఎక్కడిది

ఏటి ఒడ్డున ఎత్తైన రాతిగట్టు మీద ఒక ఊరుండేది. ఏటి వడికి తిరిగే పెద్ద చక్రం ఒకటి కుండలతో నీళ్ళు తోడి ఊరి కాలువలో పోసేది. చక్రం ఆగితే ఊరి గొంతు ఎండేది.

చక్రాన్ని కనిపెట్టుకుని ఉండే పని సూరాంబది. ఆమె రోజూ పొద్దున్నే ఇరుసును మోసే రాతి మీద కంచు గిన్నె పెట్టి, నిండా నీళ్ళు పోసి చూసేది. చక్రం ఒంట్లో బాగుంటే నీళ్ళలో సన్నటి వలయాలు పుట్టి నెమ్మదిగా అణగిపోయేవి. ఒక పొద్దున ఆ వలయాలు ఒకదాన్నొకటి కోసుకున్నాయి. నీటిచుక్కలు అంచు దాటి కింద పడ్డాయి.

ఆమె రాజు దగ్గరికి వెళ్ళింది.

"ప్రభూ, చక్రాన్ని ఆపించాలి. ఇరుసులో జబ్బుంది."

రాజు కిటికీలోంచి చూశాడు. "తిరుగుతోంది కదమ్మా."

"వణుకుతూ తిరుగుతోంది. మనం ఆపితే బాగుచేసి మళ్ళీ తిప్పుకోవచ్చు. దానంతట అది ఆగితే విరిగి ఏట్లో పడుతుంది. కింద బట్టలుతికేవాళ్ళున్నారు."

రాజు కిటికీ నుంచి ఆమె వైపు తిరిగాడు. "నీ మాట మీద ఆపిస్తాను. ఊరికి జవాబు మాత్రం నువ్వే చెప్పుకోవాలి."

చక్రం ఆగింది. జనం ఏటి నుంచి నీళ్ళు నెత్తిన మోసుకున్నారు. వడ్రంగులు ఇరుసు దించి, జబ్బు చూద్దామని ముక్కలుగా కోశారు. ఏ ముక్కలోనూ వెంట్రుకంత బీట కూడా లేదు. బంగారం లాంటి టేకు.

ఒక ముసలామె బిందె దించి సూరాంబ ముందు నిలబడింది. "మంచి ఇరుసును ముక్కలు చేయించావు. నా మెడ ఎలా వాచిందో చూడు తల్లీ."

సూరాంబ ఆ మెడ చూసింది.

కొత్త ఇరుసు ఎక్కించారు. చూడ్డానికి రాజు కూడా వచ్చాడు. చక్రం కదిలింది. కాలువలో నీళ్ళు పడగానే జనం కేకలేశారు. అప్పుడు సూరాంబ తలవంచుకుని ఇంటికి పోయి ఉంటే ఎవరూ ఆమెను పట్టించుకునేవారు కాదు. ఆమె మళ్ళీ గిన్నె నింపి రాతి మీద పెట్టింది.

వలయాలు అలాగే కోసుకున్నాయి. చుక్కలు అలాగే చిందాయి.

ఆమె లేచి, అందరికీ వినబడేలా చెప్పింది: "నేను పొరబడ్డాను. జబ్బు ఇరుసుది కాదు. కానీ జబ్బు పోలేదు."

ముందు నవ్వులు, తర్వాత తిట్లు. రాతిపనివాళ్ళ పెద్ద బొల్లన ముందుకొచ్చాడు. "ఇంకేం కోయిస్తావమ్మా? చక్రాన్నా?"

"ఏదీ కోయించను. తిరుగుతుండగానే వెతుకుతాను. ముందు కిందివాళ్ళను పైకి పిలిపించండి. ప్రభూ, పొద్దు గుంకేదాకా గడువివ్వండి. దొరక్కపోతే ఊరు విడిచి పోతాను."

రాజు గడువిచ్చాడు. తానూ ఆమె వెనక నడిచాడు.

సూరాంబ ఇరుసు రాతి నుంచి దాని కింది రాతికి, అక్కణ్ణుంచి ఇంకా కింది రాతికి దిగింది. ప్రతిచోటా గిన్నె పెట్టి చూసింది. నీరు నెమ్మదిస్తే వెనక్కొచ్చింది, అల్లాడితే ముందుకు పోయింది. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. అలా గట్టు చుట్టూ తిరిగి అడుగున ఉన్న ముళ్ళపొదల దాకా చేరింది. అక్కడ పెట్టిన గిన్నెలో నీరు నిలవలేదు.

ఆమె పొదలు తప్పించింది. వెనక పెద్ద బొరియ. గట్టు పొట్టలోంచి రాళ్ళు పెకలించి ఉన్నాయి. చక్రం బరువంతా ఆ ఖాళీ మీద వేలాడుతోంది.

బొల్లన తల దించుకున్నాడు. "నిరుడు మేమే తవ్వాం ప్రభూ. తమరి విజయస్తంభానికి. ఇంత మంచి రాయి ఇంకెక్కడా దొరకలేదు."

రాజు బొరియ అంచున చెయ్యి ఆనించాడు. వణుకు అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది.

"వేరే రాయి తెప్పించి పూడ్చలేమా?"

"తెచ్చేలోగా గట్టు కూలుతుంది," అంది సూరాంబ.

చక్రాన్ని మళ్ళీ ఆపించారు. ఈసారి ఎవరూ గొణగలేదు. రాజు గట్టెక్కి స్తంభం దగ్గరికి పోయి, బొల్లన చేతిలోని గడ్డపార తీసుకుని మొదటి దెబ్బ తానే వేశాడు. తిట్టినవాళ్ళే వరసగా నిలబడి స్తంభం రాళ్ళను బొరియ దాకా చేతులు మార్చారు.

బొరియ నిండుతుండగా, రాజు పేరు చెక్కిన రాయి వచ్చింది. బొల్లన దాన్ని పట్టుకుని తటపటాయించాడు.

"అక్షరాలు బయటికి కనబడేలా పెట్టమంటారా, ప్రభూ?"

రాజు సూరాంబ వైపు తిరిగాడు. "ఎలా పెడితే బరువు మోస్తుంది?"

"అక్షరాలు పైకి పెట్టి, వాటి మీద గట్టును కూర్చోబెట్టాలి. ఇక ఎవరికీ కనబడవు."

రాజు రాతికి భుజం ఆనించి తోశాడు. పేరు చీకట్లోకి జరిగింది. గట్టు బరువు దాని మీద కూర్చుంది.