పంకా లాగే మనిషి

గుమ్మలపాడు జమీందారుగారికి ముదిమి వయసులో ఇంగ్లీషు పిచ్చి పట్టింది. ఆయన పాఠం చదివినంతసేపూ ఊళ్లోవాడెవడో ఒకడు కూలి లేకుండా పంకా తాడు లాగాలి. ఆ మనిషిని పట్టుకొచ్చే పని తలారి పైడయ్యది.

నువ్వుచేలు కోతకొచ్చాయి. ఒక్కపూట ఆగితే గింజ నేలపాలే. ఊరంతా చేలోనే ఉంది.

"ఒరేయ్, ఎ మ్యాన్‌ని తీసుకురా!" అన్నారు దొర.

"అంటే ఏంటి దొరా?"

"ఇంగ్లీషురా! 'ఎ' అంటే ఎవడైనా సరే. ఫలానావాడే కావాలంటే 'ది' అంటాం," అంటూ దొర మీసం దువ్వారు.

పైడయ్య హుషారుగా వెళ్లి, వంటింటి గడపలో ఉప్మా లాగిస్తున్న దొరగారి బావమరిది రంగపతిని తీసుకొచ్చి, చేతికి తాడు అందించాడు.

"వీణ్ణెందుకు తెచ్చావురా?" దొర గుడ్లురిమారు.

"ఎవడైనా సరే అన్నారు కదా దొరా! ఫలానావాడే కావాలంటే పేరు చెప్పండి, ఇప్పుడే పిలుచుకొస్తాను."

దొర నోరు తెరిచారు. ఇన్నాళ్లూ తనకు గాలి విసిరినవాళ్లలో ఒక్కడి పేరూ ఆయనకు తెలీదు. ఒంటినిండా చెమటలు కారిపోతున్నాయి. ఎంత తడుముకున్నా నాలుక మీదికొచ్చిన పేరు ఒక్కటే.

"రంగపతీ... లాగరా!"