మిసావో పారేసిన ఆల్చిప్ప

“నాకు తెలిసిందంతా చెప్పేస్తే ఇక నా దగ్గర ఏం మిగులుతుంది, గురువుగారూ?” అని మిసావో అడిగింది. పని తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్నే ఇది. మిసావో నోరు విప్పి అడిగింది, అంతే తేడా.

అడిగిన చోటు జపానులో బివా సరస్సు ఒడ్డున ముత్యాలు పండించే షెడ్డు. ఇప్పుడు పాత నగల పెట్టెల్లో వెతుక్కోవలసిన బివా ముత్యాలకు అవి మంచి రోజులు. సముద్రపు ఆల్చిప్పలో అయితే ఒక పూసను పెట్టి, దాని చుట్టూ ముత్యాన్ని పెంచుతారు. ఈ మంచినీటి ఆల్చిప్పకు పూసతో పనిలేదు. మరో ఆల్చిప్ప నుంచి కోసిన చిన్న మాంసపు ముక్కలు కొన్ని లోపల అమరిస్తే చాలు, ముక్కకో ముత్యం. ముత్యం బియ్యపు గింజలాగానో చిక్కుడు గింజలాగానో తన ఇష్టం వచ్చినట్టు పెరుగుతుంది కానీ, పైనుంచి నడిబొడ్డు దాకా అంతా ముత్యమే.

ఆ ముక్కలను ఎక్కడ కోయాలో, ఎలా అమర్చాలో మిసావోకు తెలిసినట్టు ఆ ఒడ్డున మరెవరికీ తెలియదు. ఆమె ముత్యాలకు లేత ఊదా నిగ్గు వచ్చేది. కొత్తగా చేరిన పిల్లలు “ఆ కిటుకు మాకూ చెప్పక్కా” అని వెంటపడుతున్నారు. చెబితే రేపటి నుంచి తానూ పదిమందిలో ఒకతె. అదీ ఆమె భయం.

గురువు ఉమెకో ప్రశ్న విననట్టే లేచి, “పడవ విప్పు” అంది. ప్రశ్న అడిగితే పని చెప్పడం ఆవిడకు అలవాటు. శిష్యులకు అదే ఒళ్లుమంట.

ఒడ్డుకు దగ్గర్లోనే వెదురుగడలకు వేలాడుతున్న బుట్టల్లో ఒకదాన్ని పైకి లాగించింది. అందులో ఒకే ఒక్క ఆల్చిప్ప ఉంది. ఏది ఎవరిదో తెలియడానికి అక్కడి ఆడవాళ్లు చిప్పమీద తలా ఒక గుర్తు గీసుకుంటారు. ఆ గుర్తు చూసి మిసావో ఉలిక్కిపడింది.

“ఇది నాదేనండీ! ఎప్పుడో ముత్యాలన్నీ తీసేసుకుని, ఇక దీంతో పనేముందని చెత్తలో పడేశాను.”

“ప్రాణం ఉందని నేను తీసి నీళ్లలో వేశాను. తెరువు.”

ఖాళీ చిప్పలో ఏముంటుందని లోపల గొణుక్కుంటూనే మిసావో దాన్ని వేలెడంత తెరిచి, మూసుకోకుండా చిన్న చెక్కముక్క అడ్డుపెట్టింది. తొంగిచూసింది. మరుక్షణం ఆమె పెట్టిన కేకకు ఒడ్డునున్న వాళ్లంతా పరుగెత్తుకొచ్చారు.

“ఉన్నాయి! గురువుగారూ, ఉన్నాయండీ!”

“మెల్లగా! పడవ ముంచేస్తావు.”

ఎవరు వింటారు? ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుంది. పలచగా, వంకరటింకరగా ఉన్నాయి. మొదటివాటి కంటే ఎక్కువ మెరుస్తున్నాయి. అదే ఊదా నిగ్గు! సంతోషం పట్టలేక నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. ఒడ్డున పిల్లలు “ఏం దొరికిందక్కా? మాకూ చూపించవూ?” అని అరుస్తున్నారు.

“దీంట్లో రెండోసారి ముక్క ఎవరు పెట్టారు?” అంది ఉమెకో.

“ఎవరూ పెట్టలేదు. ఉన్నదంతా నేనే తీసేసుకున్నానుగా!”

ఉమెకో చెక్కముక్క తీసేసి, ఆల్చిప్పను మళ్లీ బుట్టలో పెట్టి నీళ్లలోకి వదిలింది. తెడ్డు అందుకుని పడవను పిల్లలున్న వైపు తిప్పింది.

“అవునూ, ఇందాక నన్నేదో అడిగావు,” అంది. “ఏమిటి మిసావో, అది?”