పుట్టబోయే బిడ్డ వాటా

అనగనగా ఒక ఊరు. ఆ ఊరిని ఏలే రాజు ఎవరని అడగకండి. ఏ రాజు ఏలినా తలకు నూనె కావలసిందే. ఈ కథ రాజుది కాదు, ఆ నూనె తీసేవాళ్ళది.

ఆ ఊళ్ళో పైడయ్య, నూకాలు అని కొత్తగా పెళ్ళయిన ఆలుమగలు ఉండేవారు. వాళ్ళది గానుగ. ఎద్దు చుట్టూ తిరిగేది. పైడయ్య దాన్ని తోలేవాడు. నూకాలు రోటి మీదకు వంగి, నువ్వులు లోపలికి నెడుతూ గోరువెచ్చని నీళ్ళు చిలకరించేది. వంగిన నడుము పొద్దుగూకేదాకా లేచేది కాదు. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా నూనె చుక్క రాలదు. రెక్కాడితేగాని డొక్కాడని సంసారం.

పైడయ్యకు ఒక్కటే కోరిక. తనకో బిడ్డ కావాలి. వీధిలో ఎవరి భుజం మీదైనా పసివాడు కనిపిస్తే ఎద్దును ఆపి మరీ చూసేవాడు. అతని తల్లి రామనమ్మకు అంతకంటే తొందర. పెళ్ళయిన నెల నుంచే "ఏమే, ఏమైనా విశేషమా?" అని కోడల్ని అడగడం మొదలుపెట్టింది.

ఒకనాడు నూకాలు పెనిమిటిని కూర్చోబెట్టి ఇలా చెప్పింది.

"నాకు మాత్రం ఆశ లేదా మావా? కాని నాకు నెలలు నిండితే ఈ రోటి మీదకి వంగేదెవరు? పురుడొచ్చాక కొన్ని నెలలు నేను పనిలోకి రాలేను. మనిషిని పెట్టుకుంటే కూలి ఇవ్వాలి. అప్పటికి తిండిగింజలూ ఉండాలి, కూలికి డబ్బూ ఉండాలి. రోజూ గిద్దెడు నూనె బిడ్డ వాటా అనుకుని తీసిపెడదాం. ఈ పెద్ద జాడీ నిండాక బిడ్డను పిలుద్దాం."

పైడయ్యకు ఆ మాట చేదుగానే తగిలింది. జాడీ చూస్తే నడుమెత్తు ఉంది, గిద్దె చూస్తే గుప్పెడు. అయినా ఆమె అన్నదాంట్లో తప్పు వెతకబోతే అతనికి ఒక్కటీ దొరకలేదు. సరేనన్నాడు.

ఊరి నోరు మూయించడం ఎవరి తరం? నూనె కొనడానికి వచ్చిన సన్యాసమ్మ జాడీ సంగతి విని పకపకా నవ్వింది.

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందే మీ యవ్వారం! పుట్టని బిడ్డకి వాటా ఏంటే?"

"మేం పేరు పెట్టలేదు పిన్నీ, తిండి పెట్టి ఉంచుతున్నాం. పేరంటే పుట్టాక పెట్టుకోవచ్చు" అంది నూకాలు, ఆమె గిన్నెలో నూనె కొలిచి పోస్తూ.

సన్యాసమ్మ నవ్వు ఆగింది. పైడయ్య మాత్రం సిగ్గుతో తల వంచుకున్నాడు. నలుగురూ నవ్వుతుంటే నిలబడటం అందరికీ చేతకాదు కదా.

జాడీ సగం నిండింది. అప్పుడు అమ్మవారి తీర్థం వచ్చింది. పైడయ్య ఆ జాతర అంగట్లో వెండి మొలతాడు ఒకటి చూశాడు. చిన్న చిన్న మువ్వలు, ముచ్చటైన కొక్కెం. ఇంటికి పరుగున వచ్చాడు.

"జాడీలో నూనె అమ్మి అది కొనేద్దామే. బిడ్డ పుట్టిన రోజున నడుముకి కడితే ఊరంతా నోరు మూసుకుంటుంది."

"మొలతాడు నిలవాలంటే నడుముకి కాస్త కండ ఉండాలి మావా. ముందు ఆ కండ సంగతి చూద్దాం."

పైడయ్యకు కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే గిద్దె కొలిచి జాడీలో పోశాడు.

ఇంకొన్నాళ్ళు గడిచాయి. ఈసారి రామనమ్మకు ఓపిక నశించింది. చేతిలోకి రోకలి తీసుకుంది. జాడీ ముందు నిలబడింది.

"నేను కాటికి పోయేలోగా మనవడి మొహం చూపించరా? నా ఇంటికి ఈ జాడీయే శత్రువైంది. దీన్ని పగలగొడితేగాని మీకు బుద్ధి రాదు!"

పైడయ్య గుమ్మంలో నిలబడిపోయాడు. అమ్మను ఆపాలో, ఊరుకోవాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే, జాడీ పగిలితే బాగుండునని అతని మనసులోనూ ఒక మూల ఉంది.

నూకాలు అడ్డం వెళ్ళలేదు. మెల్లగా అడిగింది.

"పగలగొట్టు అత్తా. కాని ఒక్క మాట చెప్పు. నీ తొలికాన్పుకి నిన్ను ఎన్నాళ్ళు కూర్చోబెట్టి వండిపెట్టారు?"

రామనమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తరువాత రోకలి నేలమీద పెట్టి, దాని పక్కనే కూలబడింది.

"పైడిగాడు నా తొలిచూలు కాదే. వీడికి ముందు ఒక ఆడపిల్ల. ఇంట్లో గింజ లేదు. పదోనాడే లేచి ఈ రోటి మీదకే వంగాను. తినకపోతే పాలెక్కడివి? పిల్ల లోపల ఏడ్చేది. గానుగ మోతలో నాకు వినపడేది కాదు. ఒకనాడు ఎందుకో ఎద్దుని ఆపి విన్నాను. ఏడుపు లేదు."

తనకో అక్క ఉండేదని పైడయ్యకు ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. అమ్మ దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు. ముగ్గురూ ఏడ్చారు.

మర్నాటి నుంచి ఆ జాడీలో రెండు గిద్దెలు పడ్డాయి. ఒకటి కోడలు పోసేది, ఒకటి తన తలకు రాసుకునే నూనె మానుకుని అత్త పోసేది.

జాడీ నిండింది. నూనె మంచి ధరకు అమ్మారు. గాదె నిండా ధాన్యం పోశారు, బెల్లం కొన్నారు, మనిషి కూలికి డబ్బు విడిగా మూటగట్టారు. ఆ ఏడే నూకాలు నెల తప్పింది.

కాని సుఖం ఒంటరిగా రాదు. నూకాలుకు ఎనిమిదో నెల వచ్చేసరికి జబ్బు చేసి ఎద్దు చచ్చిపోయింది; కూలికి దాచిన డబ్బంతా దాని మందులకే అయిపోయింది. గానుగ ఆగిపోయింది. చూడవచ్చిన వాళ్ళందరూ ఒకటే మాట.

"గాదె నిండా గింజలు పెట్టుకుని దిగులెందుకురా? అమ్మి ఎద్దుని కొనుక్కో. ఎద్దుంటే గానుగ తిరుగుతుంది, గానుగ తిరిగితే గింజలు వస్తాయి."

మాట సబబుగానే ఉంది. పైడయ్య గోనెసంచి తీసుకుని గాదె దగ్గరకు వెళ్ళాడు. తలుపు తీశాడు. కొత్త ఎద్దు వస్తుంది. కాని గింజలు తిరిగి నిండేలోగా బిడ్డ పుడుతుంది. అప్పుడు నూకాలు ఏం తింటుంది? తనూ పదోనాడే లేచి రోటి మీదకు వంగుతుంది. అతనికి అమ్మ మాటలు చెవిలో గింగురుమన్నాయి.

రామనమ్మ, నూకాలు అతని వంకే చూస్తున్నారు.

పైడయ్య గాదె తలుపు వేసేశాడు.

"ఇవి ఎద్దువి కావమ్మా, బిడ్డవి" అన్నాడు.

సొంత గానుగ ఉన్నవాడు పొరుగూరి గానుగలో కూలికి కుదిరాడు. జనం మళ్ళీ నవ్వారు. ఈసారి అతను తల వంచుకోలేదు. పైగా వచ్చిన కూలిలో కొంత తీసి ఎద్దు వాటా అని పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.

నూకాలుకు ఆడపిల్ల పుట్టింది. రామనమ్మ కోడల్ని మంచం దిగనివ్వలేదు. వేడి అన్నం, పాలు పడటానికి తెలగపిండి కూర, బెల్లం ముక్క, వేళకు అన్నీ మంచం దగ్గరికే వచ్చేవి.

ఒక సాయంత్రం పైడయ్య పొరుగూరి నుంచి తిరిగివచ్చాడు. వాకిట్లో అడుగుపెట్టి ఆగాడు. ఇంట్లో చప్పుడు లేదు. పిల్ల ఏడుపు లేదు. చేతిలో మూట అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తాడు.

నూకాలు కునుకు తీస్తోంది. రామనమ్మ ఒళ్ళో పిల్ల. పెదవి చివర పాలచుక్క ఇంకా ఆరలేదు.

రామనమ్మ కళ్ళు తుడుచుకుని, వేలు నోటికి అడ్డం పెట్టింది.

"చప్పుడు చేయకురా. కడుపు నిండి నిద్రపోతోంది."

అందుకే పిల్లలూ, పెద్దలూ, వినండి: బిడ్డకు ఉయ్యాల కొనడానికి ముందే, తల్లి కూర్చుని తినడానికి నాలుగు గింజలు దాచిపెట్టాలి.