అందరికంటే ముందు నడిచిన దాలమ్మ

చెవులిటు పడేయండర్రా! సముద్రం ఇప్పటికంటే చాలా అవతలుండే కాలం మాట. హెచ్‌ఐవీకి మాత్రలు అప్పుడప్పుడే మా వైపు వస్తున్నాయి. మా రేవులో చేపలమ్ముకునే దాలమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు ఆ జబ్బుతోనే పోయాడు. పోతూ పోతూ ఆమెకీ అంటించి పోయాడు. నెత్తిన చేపల తట్ట, చంకలో పాలు మానని గుంట. అదీ ఆమె సంసారం.

ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది: "మాత్ర మరవకు, ముద్ద మానకు, చుట్ట ముట్టకు. నీ కూతుర్ని నువ్వే పెంచుకుంటావు."

మొదటి రెండూ సరే. చుట్ట మానడమెలా? మా ఆడోళ్లు నిప్పు నోట్లోకి పెట్టి మరీ అడ్డపొగ పీల్చే రకం. సంతదారిలో తట్టలు దించగానే గుంపుకి పెద్దయిన ఎర్రయ్యమ్మ తలో చుట్టా ఇచ్చేది. వద్దన్నారో, అలిగినట్టే లెక్క.

దాలమ్మ వద్దంది.

"ఏటే, మా చుట్ట నీకు చేదైపోనాదేటి?" అని గయ్యిమంది ఎర్రయ్యమ్మ.

"అలక కాదొదినా. నాకు హెచ్‌ఐవీ ఉంది. గుంట పెద్దదయ్యేదాకా నాను బతకాల."

అంతే! ఓలమ్మో అంటూ అందరూ దూరం జరిగిపోయారు. "ఇది ఈ వానలు దాటదు" అంది ఎర్రయ్యమ్మ.

దాలమ్మ ఏడ్చింది. ఎందుకేడవదు? కళ్లు తుడుచుకుని మాత్ర వేసుకుంది, చోడి అంబలి తాగింది, తట్టెత్తుకుని ఒక్కతే నడిచింది. ఆ వానలు దాటింది.

మరుసటేడూ అదే మాట. "ఈ వానలు దాటదు." మాత్ర వేసుకుంది, మునగాకు పప్పుతో ముద్ద తింది, నడిచింది. ఆ వానలూ దాటింది.

మూడో ఏడూ అన్నారు గానీ, అంత గట్టిగా అనలేకపోయారు. అందరికంటే ముందు దాలమ్మ నడుస్తోంది మరి! అందరికంటే వెనక ఎర్రయ్యమ్మ, దగ్గుకుంటూ. ఒకనాడు ఊపిరాడక దారిలోనే కూలబడింది. సంతకి ఆలస్యమైపోతుందని గుంపు ఆగకుండా పోయింది. దాలమ్మ వెనక్కి వచ్చింది. తన గిన్నె మూత తీసి ముందు పెట్టింది.

"తిను వదినా. కలిసి తింటే ఈ జబ్బు అంటుకోదు."

ఎర్రయ్యమ్మ గిన్నె వంక చూసింది. దాలమ్మ వంక చూసింది. చేతిలో చుట్ట వంక చూసింది. చుట్టని ఇసకలో పూడ్చేసి ముద్ద కలిపింది. "నానెంత మాటన్నానే!" అని బావురుమంది. ఆ రోజు రెండు తట్టలూ దాలమ్మే మోసింది.

దాలమ్మ కూతురికి పెళ్లి చేసింది, మనవల్ని ఎత్తుకుంది, తల ముగ్గుబుట్టయ్యాక పోయింది. అదీ మండు వేసవిలో! వానలు ఆమెని ఒక్కసారీ గెలవలేదు.

ఇప్పటికీ మా రేవులో ఎవరికైనా ఆ మాత్రలు మొదలైతే, తెల్లారగానే ఆడోళ్లంతా తట్టలతో వాళ్ల గుమ్మం ముందు ఆగుతారు. ఆ పొద్దు ఒక్కరూ చుట్ట ముట్టరు. దారిలో అందరూ ఒకే గిన్నెలో తింటారు. గుంపుకి ముందుండే చోటుని దాలమ్మ చోటంటారు. ఆ చోటు ఖాళీగా ఉంచి, తలుపు తట్టి మరీ పిలుస్తారు:

"బయటికి రావే తల్లీ, ముందు నడిచేదానివి నువ్వే!"