ఓబులేసు పొదిగిన గుడ్లు

అనగా అనగా, నల్లమల అడివి కొసన ఒక ఊరు. ఆ ఊళ్ళో సుంకులమ్మ అని ఒకామె. ఆమె గొంతు ఎంతటిదనుకున్నావు చిట్టీ? ఇంట్లో అరిస్తే పక్క జిల్లాలో బర్రెలు బెదిరేవి. ఆమె మొగుడు ఓబులేసు. ఒక్కచోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. అన్నం ముందు నుంచి కూడా మూడుసార్లు లేస్తాడు.

అంతకు ముందు ఏడు తెగులొచ్చి సుంకులమ్మ కోళ్ళన్నీ పోయాయి. చుక్కల పెట్ట ఒక్కటే మిగిలింది. దాని కింద పదకొండు గుడ్లు పెట్టి, ఉరుములకు చెడకుండా బుట్టలో ఒక ఇనప మేకు, ఒక బొగ్గు ముక్క వేసింది. రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది. ఇరవై అయ్యాయి. తెల్లారితే పిల్లలు.

అప్పుడంటుకుంది అడివి! మంట ఎంత ఎత్తంటావు? తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టి, దాని మీద మీ నాన్నను నిలబెడితే వాడి మోకాళ్ళ దాకా వస్తుంది. అబద్ధమైతే నా చెవి కోసుకో.

అప్పుడు అడివి గార్డులొచ్చి, "ఊరంతా ట్రాక్టర్లెక్కండి, పట్నంలో పిల్లల బడి ఉంది, అందులో ఉందురు గాని" అన్నారు.

పొదిగే కోడిని పగటిపూట కదిలించరాదు, గూడు వెతుక్కుంటూ వెనక్కి పోతుంది. ఏం చేస్తుంది మరి? సుంకులమ్మ బుట్ట మీద గంప బోర్లించి, పైన పాత చీర చుట్టింది. లోపల చీకటైతే కోడి రాత్రనుకుంటుంది కదా. ఆ తర్వాత బుట్ట నెత్తినెత్తుకుని, పొగను మోచేత్తో పక్కకు నెట్టుకుంటూ వచ్చి ట్రాక్టరెక్కింది.

ట్రాక్టరు కదిలింది. "చెప్పులు మరిచినా" అని ఓబులేసు దూకాడు. ఒక్కటే చెప్పుతో వచ్చాడు, రెండోది కనబళ్ళేదట.

మళ్ళీ కదిలింది. "తాళం వేసినానో లేదో" అని దూకాడు. వేసే ఉంది.

"ఇంకొక్కసారి లేస్తే నిన్నే ఆ మంటలోకి తోస్తా, కూర్చోవయ్యా!" అంది సుంకులమ్మ. ఆ అరుపుకి మంట కూడా రెండడుగులు వెనక్కి తగ్గింది.

ఓబులేసు కూర్చున్నాడు. చేతులూరుకుంటాయా? "కోడికి ఊపిరాడుతోందో లేదో" అని గంప ఎత్తి చూశాడు. చుక్కల పెట్ట భగ్గున వెలుతురు చూసి, ఆయన తలపాగా మీద కాలేసి, ఎగిరి ఇంటివైపు పరుగు తీసింది!

సుంకులమ్మ దూకబోయింది. గార్డు ఆమె రెక్క పట్టుకుని ఆపాడు. "ఆ గుడ్లు చల్లారితే నా కోళ్ళ వంశమే లేదు" అని ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్క నిముషమే. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"పంచె పరుచు."

"ఏందే?"

"పరుచు. కోడిని తోలింది నువ్వు. పొదిగేదీ నువ్వే."

గుడ్లన్నీ ఆయన ఒళ్ళో పెట్టి, పైన గొంగడి కప్పింది. పట్నం చేరాక బడిలో ఓ మూల కూర్చోబెట్టింది. భోజనాలన్నారు, ఓబులేసు లేవబోయాడు. ఆమె చూసింది. కూర్చున్నాడు. ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. "గాలి మళ్ళింది, మంట వెనక్కి పోయింది!" అని అందరూ బయటికి ఉరికారు. ఓబులేసు కాళ్ళు కదిలాయి. ఆమె చూసింది. కదల్లేదు. కాళ్ళు రెండూ తిమ్మిరెక్కి కట్టెలైపోయాయి. "నా కాళ్ళున్నాయంటావా సుంకులూ?" అన్నాడు. "గుడ్లున్నాయా అది చెప్పు" అంది.

తెల్లారుతుండగా ఓబులేసు కెవ్వుమన్నాడు. "ఏమే! నా పొట్టను ఎవరో పొడుస్తున్నారే!"

పదకొండు గుడ్లు, పన్నెండు పిల్లలు!

అదెలాగంటావా? లెక్కపెట్టింది నువ్వా, నేనా? విను.

మూడో రోజు ఊరికొచ్చారు. చూరు కొసలు నల్లబడ్డాయి గాని ఇల్లు నిలిచింది. గూడు ఉన్నచోటే చుక్కల పెట్ట! తోక మాడింది, పొగరు మాడలేదు. దేన్ని పొదుగుతోందనుకున్నావు? ఓబులేసు రెండో చెప్పుని!

సుంకులమ్మ పిల్లల్ని తీసి కోడి కింద పెట్టింది. అవి కీచుకీచుమంటూ ఓబులేసు పంచెలో దూరాయి. మళ్ళీ పెట్టింది. మళ్ళీ దూరాయి. మూడోసారి కోడే ఆమెను పొడిచింది, చెప్పు ఇవ్వనని.

ఆ తర్వాత ఓబులేసు అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే. "పిల్లలున్నాయే, ఎట్లా లేచేది? కాసిని మంచినీళ్ళివ్వు. ఆ చుట్ట అందుకో. వీపు గోకు."

నలభై ఏళ్ళు "కూర్చోవయ్యా" అని అరిచిన సుంకులమ్మ ఇప్పుడు నడుం మీద చేతులు పెట్టుకుని అరుస్తోంది, "లేవయ్యా! నీకు దండం పెడతా, ఇంక లే!"

కథ నడిచె కంచికి, పిల్లలు ఓబులేసు పంచెకి, నువ్వూ నేను మంచానికి.