అరివేణి కుండల బండి

కుమ్మరి సోమాలమ్మ కొడుకు వీరేశం తొలిసారి ఒంటరిగా బండి తోలుతూ, నడిబజారులో ఎద్దుల్ని పరుగెత్తించాడు. కొత్వాలు బండి ఆపించి, ఎద్దుల్ని బందెలదొడ్డికి తోలమన్నాడు.

సోమాలమ్మ పరుగున వచ్చి దణ్ణం పెట్టింది. “ఎవరి మీదికీ పోకముందే ఆపారు, చల్లగా ఉండండి దొరా! ఎద్దుల్ని తోలించండి. బండిలో ఉన్నవి మీ అమ్మాయి పెళ్ళికి అరివేణి కుండలు. ఒక్కొక్కటే నెత్తిన పెట్టుకుని తెస్తాం.”

కొత్వాలు చప్పున బండివైపు తిరిగాడు. ఆ కుండలు రానిదే పెళ్ళితంతు మొదలవదు. “ఎద్దుల్ని వదిలేశాను. తోలరా, తొందరగా!”

“తొందరేగా దొరా, ఇందాక తప్పన్నారు?” అన్నాడు వీరేశం.

కొత్వాలు తానే ముందు నడిచి దారి చేశాడు. వెనకాల వీరేశం ఒక్క కుండా చిట్లకుండా మెల్లగా తోలాడు.

“మీరు ఆపబట్టి మీ కుండలూ దక్కాయి, నా బిడ్డా దక్కాడు” అంటూ సోమాలమ్మ మళ్ళీ దణ్ణం పెట్టింది.

ఈసారి కొత్వాలూ చేతులు జోడించాడు.