ఇసుక ఒకరిది, బురద ఒకరిది

ఒకప్పుడు సముద్రం అడుగున ఇసుక వేరు, బురద వేరు కాదు. అంతా కలగలిసిన ఒకటే నేల. పురుగులూ, ఆల్చిప్పలూ, పీతలూ పక్కపక్కనే కాపురముండేవి.

ఆ నేలలో ఒక పురుగు ఉండేది. పేరు సింహాద్రి. పేరు చూస్తే అంత, మనిషిని చూస్తే దారప్పోగంత! నా అన్నవాళ్లు ఎవరూ లేరు వాడికి. పొద్దస్తమానం మట్టి తవ్వుకు తినడం, తిన్నదాన్ని వెనక్కి తోసెయ్యడం, అదే వాడి బతుకు. పక్కింటి ఆల్చిప్ప నూకాలు మాత్రం "తమ్ముడూ" అని నోరారా పిలిచేది. వాడు రోజూ ఆ పిలుపు కోసమే కాచుక్కూర్చునేవాడు.

నూకాలుకి పిల్లలు పుట్టారు, ఆవగింజలంతేసి. మేనమామనైపోయానని సింహాద్రి మురిసిపోయాడు. ఏదైనా చెయ్యాలి కదా! వాడికి వచ్చిన పని ఒక్కటే. పిల్లలకి మెత్తగా ఉంటుందని నూకాలు ఇంటిచుట్టూ నేలంతా గుల్లబారేలా తవ్విపెట్టాడు.

మట్టి లేచింది. నీళ్లు మసకబారాయి. ఆల్చిప్పలు నీళ్లు పీల్చి, వడగట్టి, అందులో దొరికిందే తింటాయి కదా, పిల్లల గొంతుల్లో మట్టి పడింది. నూకాలు తలుపులు బిగించేసుకుంది.

సింహాద్రి ఎంత పిలిచినా తియ్యలేదు. మెత్తదనం చాల్లేదేమోనని ఆ వెర్రిబాగులోడు ఇంకా తవ్వాడు. చివరికి అటుగా వచ్చిన పీత వాడికి గడ్డిపెట్టింది. పిల్లలకి ఊపిరాడటం లేదురా, నీ మొహం చూసి చెప్పలేక మీ అక్క లోపల ఏడుస్తోందిరా అంది.

వాడు అప్పటికప్పుడే తవ్వడం మానేశాడు. కొన్నాళ్లు పస్తులున్నాడు. తవ్వకపోతే తను పోతాడు, తవ్వితే పిల్లలు పోతారు. ఎంత ఏడ్చినా మూడో దారి కనిపించలేదు.

ఒకరోజు అటుగా పోతున్న నీటివాలుని పిలిచి, "నన్నూ, ఈ మెత్తటి మట్టినీ ఎక్కడైనా దూరంగా దింపెయ్యి" అని బతిమాలాడు.

"నేను ఆగిపోయే చోటే ఈ మట్టి దిగుతుంది. అక్కణ్ణించి నిన్ను వెనక్కి తేలేను. మీ అక్కని మళ్లీ చూడలేవు," అంది నీటివాలు.

"పిల్లలు బతుకుతారుగా," అన్నాడు సింహాద్రి.

మట్టితో పాటు వాడూ కొట్టుకుపోయాడు. బరువైన ఇసుక మాత్రం అక్కడే మిగిలింది. నీళ్లు తేటపడ్డాక నూకాలు తలుపు తీసింది. పిల్లలు బతికారు, పెద్దయ్యారు. మేనమామ ఎలా ఉంటాడో వాళ్లకి తెలియదు.

అప్పటినుంచే నీరు పరుగెత్తే చోట ఇసుక, ఆ ఇసుకలో ఆల్చిప్పలు. నీరు ఆగిపోయే చోట బురద, ఆ చీకటి బురదలో ఒంటరిగా తవ్వుకుంటూ పురుగులు.